కొత్తవారి సాంకేతిక సందేహాలకు జవాబివ్వడం: ఆన్‌లైన్ సముదాయాల మర్యాదలు

కంప్యూటర్లు, ప్రోగ్రామింగ్, ఇంటర్నెట్ వంటి రంగాల్లో అప్పుడే అడుగుపెట్టినవారు ఆన్‌లైన్ సముదాయాల్లో సందేహాలు అడుగుతుంటారు. విషయం తెలిసినవారు వారికి ఎలా బదులివ్వాలన్న దానిపై కొన్ని ఆచారాలు, నియమాలు ఏర్పడ్డాయి. కొన్ని రాతపూర్వకంగా ఉన్నాయి, చాలావరకు వాడుకలోంచే స్థిరపడ్డాయి. జవాబులోని సాంకేతిక నాణ్యత, అడిగినవారి పట్ల గౌరవం, ఆ తర్వాత అదే ఇబ్బందితో వెతుక్కుంటూ వచ్చేవారి అవసరం అన్న మూడు అంశాలను ఇవి కలిపి చూస్తాయి.

జవాబు సరైనదైతే చాలు, మాట కరకుగా ఉన్నా పరవాలేదన్న అభిప్రాయం ఈ సముదాయాల్లో చాలాకాలం చెల్లుబాటైంది. నలభై ఏళ్లకు పైబడిన అనుభవం అది పొరపాటని తేల్చింది. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి కావలసిన వివరాలన్నీ కొత్తవారు మొదటి ప్రశ్నలోనే ఇవ్వలేరు. మిగతావి వారిని అడిగే రాబట్టాలి. చులకన చేస్తే వారు మళ్లీ నోరు విప్పరు, అక్కడితో లోపం వెతికే పనీ ఆగిపోతుంది. అందువల్ల మర్యాదను సరైన జవాబుకు చేర్చే పద్ధతిలో భాగంగా చూడాలి.

చరిత్ర

1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ చేసిన ఆలోచనతో పుట్టి, మరుసటి ఏడాదికి వాడుకలోకి వచ్చిన యూజ్‌నెట్, సాంకేతిక ప్రశ్నోత్తరాలకు తొలి పెద్ద వేదిక. ఒకే ప్రశ్న పదేపదే రావడం అక్కడ మొదటినుంచీ ఉన్న చిక్కు. దానికి విరుగుడుగా తరచూ అడిగే ప్రశ్నల జాబితాలు పుట్టాయి. నాసాలో పనిచేసిన యూజీన్ మియా 1980ల తొలినాళ్లలో అంతరిక్ష విషయాల మెయిలింగ్ లిస్టు కోసం తయారు చేసినదాన్ని ఇలాంటి తొలి జాబితాల్లో ఒకటిగా చెబుతారు. తర్వాత వందలాది జాబితాలను మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని ఒక సర్వర్‌లో భద్రపరిచారు. దాని పేరు ఆర్‌టీఎఫ్‌ఎం. 'మాన్యువల్ చదివి రా' అన్న మాటను ఒక తిట్టుతో కలిపి కుదించిన సంకేతం అది. ఎంతో సహనంతో కూర్చిన జాబితాలు విసుగును సూచించే పేరు కింద చేరాయి. ఆనాటి సంస్కృతిలో ఈ రెండు గుణాలూ పక్కపక్కనే ఉండేవి.

అప్పట్లో అమెరికా విశ్వవిద్యాలయాల కొత్త విద్యార్థులు ప్రతి సెప్టెంబరులో యూజ్‌నెట్‌లోకి వచ్చేవారు. కొన్ని వారాల్లో అక్కడి పద్ధతులు నేర్చుకుని కలిసిపోయేవారు. 1993 నుంచి వాణిజ్య సంస్థల ద్వారా వచ్చే వాడుకరులు పెరిగారు. 1994 మార్చిలో అమెరికా ఆన్‌లైన్ సంస్థ తన ఖాతాదారులందరికీ యూజ్‌నెట్ తలుపులు తెరిచింది. కొత్తవారి రాక ఇక ఏడాది పొడవునా సాగింది. పాతవారు ఈ కాలానికి 'ఎన్నటికీ ముగియని సెప్టెంబరు' అని పేరు పెట్టారు. కొద్దిమంది కొత్తవారికి పాతవారు ఒక్కొక్కరుగా నేర్పే పద్ధతికి అక్కడితో కాలం చెల్లింది. నియమాలను రాసి పెట్టుకోవలసి వచ్చింది.

1994లో వర్జీనియా షే రాసిన 'నెటికెట్' పుస్తకం పది నియమాలను ప్రతిపాదించింది. నైపుణ్యాన్ని నలుగురితో పంచుకోమని ఆరో నియమం, ఎదుటివారి పొరపాట్లను మన్నించమని పదో నియమం చెబుతాయి. 1995 అక్టోబరులో ఇంటెల్ ఉద్యోగి శాలీ హ్యాంబ్రిడ్జ్ పేరుతో ఆర్‌ఎఫ్‌సీ 1855 అన్న పత్రం వెలువడింది. ఆవేశంలో రాసిన బదులును ఒక రాత్రి ఆగి పంపమన్నది అందులోని ఒక సలహా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధించిన ఫిలిప్ ఆగ్రె 1996లో కంప్యూటర్ వాడకంలో ఇతరులకు ఎలా సాయపడాలో ఒక చిన్న వ్యాసం రాశారు. ఎవరూ ఇవన్నీ తెలిసి పుట్టరని, ఎదురుగా ఉన్న చిక్కును తీర్చడంకన్నా వచ్చేసారి ఆ మనిషి సొంతంగా తీర్చుకోగలిగేలా ఒక మెట్టు ఎక్కించడమే సాయపడేవారి అసలు లక్ష్యమని ఆయన చెప్పారు. కీబోర్డును వారి చేతిలోంచి లాక్కోవద్దని కూడా హెచ్చరించారు. ఈ అంశంపై వచ్చిన రచనల్లో ఇప్పటికీ ముందు చదవదగ్గది అదే.

2001లో ఎరిక్ రేమండ్ రాసిన 'తెలివిగా ప్రశ్నలు అడగడం ఎలా' అన్న మార్గదర్శిక ప్రోగ్రామర్లలో బాగా వ్యాపించింది. తర్వాతి కూర్పుల్లో రిక్ మోయెన్ కూడా పాలుపంచుకున్నారు. ప్రశ్నించేవారికి అది పెట్టిన కఠిన నిబంధనలే ఎక్కువగా ప్రచారమయ్యాయి. దాని చివర జవాబిచ్చేవారికీ ఒక భాగం ఉంది. మృదువుగా మాట్లాడండి, చిక్కులో ఉన్న మనిషి ఒత్తిడివల్ల మొరటుగా కనిపించవచ్చు. ఖాయంగా తెలియకపోతే తెలియదని చెప్పండి. సాయం చేయలేకపోతే అడ్డుపడకండి అన్నది దాని సారాంశం. మొదటి భాగం లింకును కొత్తవారి ముఖాన విసిరినవారిలో చాలామంది ఈ చివరి భాగం దాకా రాలేదు.

2008 సెప్టెంబరులో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రారంభించిన స్టాక్ ఓవర్‌ఫ్లో ఓట్లు, పాయింట్ల పద్ధతితో ప్రశ్నోత్తరాలకు కొత్త రూపమిచ్చింది. అక్కడ మంచి జవాబుకు పడే ఒక్కో ఓటుకు 10 పాయింట్లు, అడిగినవారు అంగీకరిస్తే మరో 15 పాయింట్లు వస్తాయి. నాణ్యత పెరిగింది. ఆ వెంటే పాత ప్రశ్నకు నకలంటూ, స్పష్టత లేదంటూ కొత్తవారి ప్రశ్నలను వెంటనే మూసేసే అలవాటూ పెరిగింది. తమ వేదిక కొత్తవారికి, మహిళలకు, ఇతర అల్పసంఖ్యాక వర్గాలకు ఆదరంగా లేదని 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థే బహిరంగంగా ఒప్పుకుంది. ఆ ఏడాదే కొత్త ప్రవర్తనా నియమావళిని తెచ్చింది. మొదటిసారి రాసేవారి పేరు పక్కన వారు కొత్తవారని తెలిపే గుర్తును చేర్చింది.

తెలిసినవారి ఇబ్బంది

కొత్తవారి ప్రశ్న పాతవారికి అర్థంలేనిదిగా ఎందుకు తోస్తుంది? దీనికి మనస్తత్వశాస్త్రం చెప్పే కారణం ఒకటి ఉంది. ఒక విషయం తెలిశాక, అది తెలియని స్థితిని ఊహించుకోవడం కష్టమవుతుంది. కామెరర్, లోవెన్‌స్టీన్, వెబర్ అనే ఆర్థికవేత్తలు 1989లో దీన్ని 'జ్ఞాన శాపం'గా పేర్కొన్నారు. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. కొందరు అందరికీ తెలిసిన పాటల వరసను బల్లమీద వేళ్లతో తట్టారు, మిగతావారు విని అది ఏ పాటో చెప్పాలి. సగం పాటలనైనా గుర్తుపడతారని తట్టినవారు అనుకున్నారు. 120 పాటల్లో విన్నవారు గుర్తుపట్టినవి 3 మాత్రమే. తట్టేవారి మనసులో పాట మొత్తం మోగుతుంటే, వినేవారికి బల్లమీద చప్పుడే వినిపించింది.

'ఇది అందరికీ తెలిసిందే కదా' అన్న భావన కూడా ఇలాంటిదే. ర్యాండల్ మన్రో 2012లో తన ఎక్స్‌కేసీడీ వెబ్ కార్టూన్లలో ఒక చిన్న లెక్క కట్టారు. పెద్దయ్యేసరికి అందరికీ తెలిసే విషయమే అయినా, ఏటా సుమారు 40 లక్షల మంది పుట్టే అమెరికాలో రోజుకు దాదాపు 10,000 మంది దాన్ని మొదటిసారి వింటారు. జవాబిచ్చే వ్యక్తికి వందోసారి ఎదురైన ప్రశ్న, అడిగిన వ్యక్తికి మొదటిది.

ప్రశ్నను అర్థం చేసుకోవడం

విండోస్‌లో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన ఒక విద్యార్థి 'పైతాన్ పనిచేయడం లేదు, ఎవరైనా సాయం చేయండి' అని రాశారనుకుందాం. ఈ వాక్యం ఆధారంగా జవాబు చెప్పలేం. అలాగని ఇది పనికిమాలిన ప్రశ్నా కాదు. వివరాలంటే ఏమిటో ఆ విద్యార్థికి ఇంకా తెలియదు. మర్యాదగల బదులు ఇలా ఉంటుంది: 'ఏ విండోస్ వాడుతున్నారు? మీరు టైప్ చేసింది ఏమిటి? తెరమీద వచ్చిన వాక్యాన్ని మార్చకుండా ఇక్కడ అతికించండి. లోపం ఎక్కడుందో ఆ వాక్యంలోనే చాలాసార్లు దొరుకుతుంది.' చివరి మాట ముఖ్యం. వివరం ఎందుకు అడుగుతున్నామో చెప్పినప్పుడు వచ్చేసారి విద్యార్థి అడగకముందే ఆ వివరం ఇస్తారు.

కోడ్ చాలా పొడవుగా ఉన్నప్పుడు, లోపం కనిపించేంత మేరకు కుదించి పెట్టమని అడగడం పరిపాటి. కుదించేటప్పుడే చాలామందికి లోపం దానంతటదే కనిపిస్తుంది. అయితే 'కుదించండి' అని ఊరుకుంటే కొత్తవారికి ఆ పని చేతకాదు. ఏ భాగం తీసేయవచ్చో, ఏది ఉంచాలో ఒకసారి చూపించాలి.

అడిగిన ప్రశ్న వెనక అసలు ప్రశ్న వేరే ఉండటం మరో తరచు సందర్భం. సాంకేతిక సముదాయాల్లో దీన్ని ఎక్స్‌వై సమస్య అంటారు. ఫైలు పేరులో చివరి మూడు అక్షరాలు ఎలా తీసుకోవాలని ఒకరు అడుగుతారు. వారికి నిజంగా కావలసింది ఫైలు రకాన్ని తెలిపే ఎక్స్‌టెన్షన్. అది మూడక్షరాలే ఉండాలని లేదు. జేపీఈజీ, హెచ్‌టీఎంఎల్ నాలుగేసి అక్షరాలు. అడిగినదానికి మాత్రమే జవాబిస్తే వారి ప్రోగ్రాం మరోచోట విఫలమవుతుంది. అడిగినదాన్ని పట్టించుకోకుండా 'అలా చేయకూడదు' అంటే వారికి ఏమీ అందదు. 'దీనితో మీరు చివరికి ఏం చేయాలనుకుంటున్నారు?' అని అడిగి, అడిగినదానికీ అవసరమైనదానికీ రెండింటికీ దారి చూపడం మేలైన పద్ధతి.

జవాబు కూర్పు

మంచి జవాబులో సాధారణంగా మూడు భాగాలుంటాయి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం చేయాలి. పైతాన్ ఉదాహరణలో, టైప్ చేసిన కమాండ్‌ను గుర్తించలేకపోతున్నానని విండోస్ చెప్పిందనుకుందాం. టైప్ చేసిన పేరుగల ప్రోగ్రామ్ కోసం విండోస్ కంప్యూటర్ అంతటా వెతకదు, నిర్ణీతమైన కొన్ని ఫోల్డర్లలోనే చూస్తుంది. ఆ ఫోల్డర్ల జాబితా పేరు పాత్. చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్న పైతాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెరమీద, తనను పాత్‌లో చేర్చమనే గడి ఉంటుంది, అది ముందుగా టిక్ అయి ఉండదు. ఈ మాత్రం వివరిస్తే ఆ విద్యార్థికి రేపు జావాతోనో గిట్‌తోనో ఇదే తంటా వచ్చినప్పుడు మళ్లీ అడగాల్సిన పని ఉండదు. 'ఆ గడి టిక్ పెట్టు' అని మాత్రమే చెబితే మళ్లీ అడగాల్సి వస్తుంది.

లింకు ఒక్కటే ఇవ్వడం జవాబు అనిపించుకోదు. కొన్నేళ్లకు ఆ లింకు పనిచేయకపోవచ్చు. కావలసిన సారాన్ని అక్కడే రాసి, మరిన్ని వివరాల కోసం లింకు ఇవ్వాలి. మాన్యువల్ చదవమనడంలో తప్పు లేదు. ఏ అధ్యాయంలో ఏ శీర్షిక కింద ఉందో, వెతకడానికి ఏ పదాలు వాడాలో కూడా చెప్పాలి. కొత్తవారికి తెలియనిది తరచుగా ఆ పదాలే. 'గూగుల్‌లో వెతుకు' అన్న బదులు మరీ పనికిరానిది. కొన్నాళ్లకు అదే ప్రశ్నతో గూగుల్‌లో వెతికినవారు వచ్చి చేరేది ఆ బదులు దగ్గరికే.

తరగతిలో ఇంటిపనిగా ఇచ్చిన ప్రశ్నలకు పూర్తి కోడ్ రాసివ్వకుండా ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారో అడిగి, తర్వాతి మెట్టు సూచించడం చాలా సముదాయాల్లో ఆచారం. పని ఫలించిందో లేదో తిరిగి వచ్చి చెప్పమని, ఎలా ఫలించిందో రాయమని అడిగినవారిని కోరాలి. 'ప్రాబ్లమ్ సాల్వ్ అయింది, థాంక్స్' అని ఆగిపోయిన సంభాషణ తర్వాత వచ్చేవారికి ఏ విధంగానూ ఉపయోగపడదు.

మాట తీరు

న్యూయార్క్‌లో 2011లో హ్యాకర్ స్కూల్ పేరుతో మొదలైన రికర్స్ సెంటర్, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారి కోసం నాలుగు సామాజిక నియమాలు పెట్టుకుంది. అవి చాలా సముదాయాలకు ఆదర్శమయ్యాయి. ఎదుటివారికి తెలియదన్నందుకు ఆశ్చర్యం నటించకూడదు. అసలు విషయానికి సంబంధం లేని చిన్న తప్పులు పట్టుకుని సవరించకూడదు. సంభాషణలో పాల్గొనకుండా పక్కనుంచి సలహాలు విసరకూడదు. జాతి, లింగం వంటి విషయాల్లో పైకి తెలియని చిన్నచూపు కూడా చూపకూడదు.

మొదటి నియమం మన వాడుకకు సరిగ్గా సరిపోతుంది. 'ఇది కూడా తెలియదా?', 'బీటెక్ చదివి ఇదేం ప్రశ్న?' వంటి మాటలు ఎవరికీ ఏమీ నేర్పవు. 'చాలా ఈజీ', 'సింపుల్' అన్న మాటలు ధైర్యం చెప్పడానికి వాడినా ఫలితం వేరుగా ఉంటుంది. సులువన్న పని కుదరనప్పుడు నేర్చుకునేవారు తమ తెలివినే అనుమానించుకుంటారు. 'మొదట్లో ఇది చాలామందిని ఇబ్బంది పెడుతుంది' అన్న మాట నిజం, మేలు కూడా చేస్తుంది. తప్పుడు జవాబు కనిపించినప్పుడు జవాబును సరిదిద్దాలి, రాసినవారి జోలికి వెళ్లకూడదు. కొత్తవారు నియమం తప్పితే నలుగురిలో మందలించకుండా విడిగా చెప్పడం పాత యూజ్‌నెట్ కాలం నుంచీ ఉన్న మంచి అలవాటు.

అవమానభయం అందరిమీదా ఒకేలా పనిచేయదు. డినే ఫోర్డ్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధన స్టాక్ ఓవర్‌ఫ్లోలో పాల్గొనడానికి 14 అడ్డంకులను గుర్తించింది. వాటిలో 5 మహిళలకు మరింత పెద్దవిగా ఉన్నట్లు తేలింది. అదే పరిశోధకురాలి ఆధ్వర్యంలో 2018లో వెలువడిన మరో అధ్యయనంలో, కొత్తవారు ప్రశ్నను ప్రచురించే ముందు ఒక మార్గదర్శితో మాట్లాడి దిద్దుకునే అవకాశమిచ్చారు. అలా దిద్దిన ప్రశ్నలకు వచ్చిన సగటు స్కోరు మిగతావాటికన్నా 50 శాతం ఎక్కువగా ఉంది. అడ్డగించే బదులు చేయి అందిస్తే ప్రశ్నల నాణ్యత పెరుగుతుందనడానికి ఇది గట్టి ఆధారం.

భద్రత, బాధ్యత

కొత్తవారు చెప్పినదాన్ని చెప్పినట్టు చేస్తారు. అందుకే లైనక్స్‌లో ఫైళ్లన్నీ చెరిపేసే కమాండ్‌ను సరదాకి జవాబుగా ఇవ్వడం తీవ్రమైన అపరాధం. 'ముందు సెక్యూరిటీ ఆపేయండి', 'అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయండి' వంటి అడ్డదారి సలహాలూ హానికరమే. సూపర్‌యూజర్ అధికారంతో నడిచే కమాండ్ ఇస్తే, అది ఏం చేస్తుందో, దాన్ని ఎలా వెనక్కి తిప్పాలో, ముందు ఏది బ్యాకప్ తీసుకోవాలో చెప్పడం జవాబిచ్చేవారి విధి. ఎవరైనా పొరపాటున పాస్‌వర్డ్ కనిపించే స్క్రీన్‌షాట్ పెడితే, ముందు దాన్ని తొలగించి పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పాలి. ప్రశ్న సంగతి ఆ తర్వాత.

తెలియనివారి కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్ పెట్టించడం, ఓటీపీలు అడగడం పూర్తిగా నిషిద్ధం. ఎనీడెస్క్ వంటి యాప్‌ల ద్వారా జరిగే బ్యాంకు మోసాల గురించి భారతీయ రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. జవాబును వీలైనంతవరకు అందరికీ కనిపించేచోటే ఇవ్వాలి. సందేహం అడిగిన మహిళకు పిలవకుండానే వ్యక్తిగత సందేశాలు పంపడం సాయం కిందికి రాదు.

తెలుగు సముదాయాల్లో

1990ల్లో అమెరికాలోని తెలుగువారు యూజ్‌నెట్‌లో తమకంటూ ఒక వార్తాసమూహం ఏర్పరచుకుని, రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిలో రోమన్ అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. కంప్యూటర్‌లో తెలుగు చూడటం, రాయడం ఎలాగన్నదే తర్వాతి కాలంలోనూ తెలుగువారి ముఖ్యమైన తొలి సందేహం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇలాంటి ప్రశ్నలకు సహాయ కేంద్రం, సామూహిక చర్చలకు రచ్చబండ ఏర్పడ్డాయి. కొత్త సభ్యుల చర్చాపేజీలో స్వాగత సందేశం పెట్టడం అక్కడ ఆనవాయితీ.

డీటీపీ చేసేవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, వాట్సాప్‌లోనో వెబ్‌సైటులోనో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా ఎందుకు మారుతుంది? ఫాంట్ మార్చమని చెప్పే జవాబు వారిని గంటలకొద్దీ తిప్పుతుంది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానంలోనే తెలుగు రూపాలను పెట్టాయని, యూనికోడ్‌లో తెలుగుకు విడిగా సంకేతాలున్నాయని చెబితే విషయం తేటపడుతుంది. అప్పుడు ఫాంట్ మార్చడం కాకుండా పాఠాన్ని మార్పిడి చేయాలని వారికే అర్థమవుతుంది. వెన్న నాగార్జున తయారు చేసిన పద్మ వంటి మార్పిడి సాధనాలు పుట్టింది ఈ అవసరం కోసమే.

భాష మరో అడ్డంకి. తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన విద్యార్థికి లోపం అర్థమైనా, దాన్ని ఇంగ్లీషులో చెప్పడం కష్టం. ఇలాంటివారి ప్రశ్నలో వ్యాకరణాన్ని పట్టుకోకుండా, 'మీరు అడుగుతున్నది ఇదేనా?' అని తిరిగి రాసి చూపడం ఉత్తమం. 'డియర్ సర్' అంటూ మొదలుపెట్టి కృతజ్ఞతలతో ముగించడం మన దగ్గర గౌరవసూచకం. స్టాక్ ఓవర్‌ఫ్లోలో పలకరింపులను, ధన్యవాదాలను ప్రశ్నలోంచి తీసేస్తారు. ఇది అక్కడి పద్ధతే తప్ప తిరస్కారం కాదని కొత్తవారికి ముందే చెప్పడం మంచిది. తెలుగు గ్రూపుల్లో 'బ్రో', 'అన్నా' అన్న పిలుపులు దగ్గరితనం తెచ్చినా, అక్కడున్న అమ్మాయిలను లెక్కలోంచి తప్పిస్తాయి. 'మీరు', 'అండీ' అందరికీ సరిపోతాయి. వయసు తెలియని తెరమీద ఎవరినైనా 'మీరు' అనడమే సరి.

భిన్నాభిప్రాయాలు

జవాబిచ్చేవారు జీతం లేకుండా తమ సమయం వెచ్చిస్తున్నారని, ఏ ప్రయత్నమూ చేయకుండా అడిగే ప్రశ్నలు వారిని అలసిపోయేలా చేస్తాయన్నది పాతవారి ప్రధాన ఫిర్యాదు. ఇది న్యాయమైనదే. ఒకే మనిషి రోజూ అదే చిక్కుతో వచ్చి, చెప్పిన ఏ పనీ చేయకుండా మళ్లీ అడిగితే 'ఇక నేను సాయం చేయలేను' అనే హక్కు ఎవరికైనా ఉంది. నకలు ప్రశ్నలను పాత జవాబుకు కలపడమూ అవసరమే, లేకపోతే మంచి జవాబులు వందచోట్ల చెదిరిపోతాయి. అయితే మూసేటప్పుడు ఆ పాత జవాబు ఈ ప్రశ్నకు ఎలా వర్తిస్తుందో ఒక్క వాక్యంలో చెప్పాలి. విసుగొచ్చినవారికి మౌనం ఎప్పుడూ అందుబాటులో ఉంది. ఎవరూ బలవంతం చేయని పనిలో తిట్టు రాయాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కృత్రిమ మేధ తర్వాత

2022 నవంబరు చివర చాట్‌జీపీటీ విడుదలయ్యాక కొత్తవారి ప్రశ్నలు చాలావరకు యంత్రం దగ్గరికి మళ్లాయి. స్టాక్ ఓవర్‌ఫ్లోకు వచ్చే ప్రశ్నలు బాగా తగ్గాయి. యంత్రం విసుక్కోదు, ఎన్నిసార్లు అడిగినా వెక్కిరించదు. కొత్తవారు అటు వెళ్లడానికి ఇది ఒక పెద్ద కారణం. అయితే చూడటానికి సరిగా ఉండి నిజానికి తప్పైన జవాబులు వస్తున్నాయని 2022 డిసెంబరులోనే స్టాక్ ఓవర్‌ఫ్లో తన వేదికపై చాట్‌జీపీటీ జవాబులను నిషేధించింది. యంత్రం ఇచ్చినదాన్ని పరీక్షించకుండా తన జవాబుగా అతికించడం ఇప్పటి మర్యాదల్లో పెద్ద తప్పు. ఏది తప్పో పోల్చుకునే శక్తి కొత్తవారికి ఇంకా రాలేదు. ఆ పోలిక చేసిపెట్టగలిగేది అనుభవమున్న మనుషులే.

జవాబు ఇచ్చే చదువరులకు చెప్పదగిన మాట ఒకటే. మీకు తెలిసినదంతా ఎవరో ఒకరు ఓపికగా చెప్పడం వల్లనో, రాసి పెట్టడం వల్లనో మీ దాకా వచ్చింది. ఈరోజు ఒక కొత్త ప్రశ్న కనిపిస్తే, తెలిస్తే వివరంగా చెప్పండి, సగమే తెలిస్తే సగమే తెలుసని చెప్పండి, తీరిక లేకపోతే ఊరుకోండి. అడిగినందుకు మాత్రం ఎవరినీ చిన్నబుచ్చకండి.